గండుచీమలకు తేలికిటుకలో ఇల్లు కట్టడం ఎలా

మృగశిర కార్తె వచ్చి రెండు మూడు వానలు పడ్డాక, చీకటి పడే వేళ వీధి లైటు కింద ఒక్కసారి నిలబడి చూడండి. ఉసిళ్ళు లేస్తుంటాయి. వాటి కింద నేల మీద రెక్కలున్న పెద్ద నల్లచీమ ఒకటి హడావిడిగా తిరుగుతూ కనిపించవచ్చు. అది గండుచీమల రాణి. మగచీమతో జత కట్టడం అయిపోయింది, ఇక జన్మలో ఎగరాల్సిన పని లేదు. అందుకే ఒక పక్కకి ఒరిగి, కాళ్ళతో రెక్కని వెనక్కి తోసి తోసి, తన రెక్కలు తనే ఊడబెరుక్కుంటుంది. ఆ తర్వాత అది వెతికేది చీకటిగా, కాస్త చెమ్మగా ఉండే ఒక బెజ్జం కోసం. ఆ బెజ్జం మనం ఇవ్వొచ్చు.

నేను ఉండేది కోనసీమలో. కొన్నేళ్ళుగా ఇంట్లో గండుచీమల్ని పెంచుతున్నాను. వీటి కోసం ఆన్‌లైన్‌లో అమ్మే యాక్రిలిక్ ఇళ్ళు ఖరీదు. అవి లేకపోయినా ఏ లోటూ ఉండదు. ఇక్కడ రాసేదంతా మెడికల్ షాపులో, కిరాణా కొట్లో, ఇల్లు కడుతున్న చోట దొరికే సరుకుతోనే అవుతుంది. నాకైతే మొత్తం మూడు వందలు దాటలేదు.

పని మొదలుపెట్టే ముందు రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. ఇల్లు చిన్నదిగా ఉండాలి, సగం పొడిగా ఉండాలి. చలి దేశాలవాళ్ళు చెప్పే సలహాల్లో చీమలు ఎండిపోకుండా చూసుకోమనే మాటే ఎక్కువ. మన డెల్టాలో గాలిలోనే నీళ్ళుంటాయి. ఇక్కడ చీమల ప్రాణం తీసేది బూజు.

ఇది నాకు నష్టపోయాక తెలిసింది. మొదటి ఏడాది ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఎనిమిది గదుల ఇల్లు పోసి, తొమ్మిది చీమలూ ఒక రాణీ ఉన్న కుటుంబాన్ని అందులోకి మార్చాను. అవి ఒక మూల గదిలో సర్దుకుని, మిగిలిన గదుల్ని చెత్తకుప్పలు చేశాయి. శ్రావణమాసం ముసురుకి ఆ చెత్త నుంచి బూజు లేచి గోడలన్నీ పాకింది. రాణి చనిపోయింది. చనిపోయాక కూడా ఆ కూలిచీమలు దాని చుట్టూ చేరి, మీసాలతో తడుముతూ, నాకుతూ నాలుగు రోజులు వదల్లేదు. చూడలేకపోయాను. మీ చేతిలో అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాణిని ఎంచుకోవడం

ముందు ఉసిళ్ళకీ చీమకీ తేడా చూసుకోండి. ఉసిళ్ళు చెదపురుగుల జాతి. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి, మీసాలు తిన్నగా ఉంటాయి, నడుము ఉండదు. చీమకి నడుము సన్నగా తెగిపోయినట్టు ఉంటుంది, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి, ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు చిన్నవి.

కొత్తవాళ్ళకి గండుచీమే మంచిది. దీని శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్. పెద్దది కాబట్టి కంటికి బాగా కనిపిస్తుంది, చిన్న సందుల్లోంచి తప్పించుకోలేదు. కొరుకుతుంది గానీ దానికి కొండి లేదు. నేల మీద కుట్టే ఎర్రచీమల జోలికి పోకండి. చెట్ల బెరడు మీద పొడుగ్గా, తలా తోకా నలుపు, నడుమంతా ఎరుపుగా తిరిగే చీమ కుడితే చాలా నొప్పి, దాన్నీ ముట్టుకోవద్దు. మామిడి కొమ్మల్లో ఆకులు కుట్టుకుని గూళ్ళు కట్టే ఎర్రచీమలకి చెట్టే ఇల్లు, ఇటుకలో అవి ఇమడవు.

రెక్కలు ఊడి, ఒంటరిగా నేల మీద తిరుగుతున్న రాణి దొరికితే అదృష్టం. జత కట్టి ఉండే అవకాశం దానికే ఎక్కువ. ఖాళీ అగ్గిపెట్టెలోకి తోలుకుని ఇంటికి తెచ్చుకోండి. ఒకటి చాలు, కనిపించిన ప్రతిదాన్నీ పట్టేయొద్దు. రాణి కోసం పుట్టలు తవ్వకండి, అలా తవ్వితే ఒక ఊరినే కూల్చినట్టు. ఉత్త కూలిచీమల్ని పట్టుకొచ్చి సీసాలో పోసినా లాభం లేదు. రాణి లేకపోతే అవి కొన్ని వారాలో నెలలో బతికి, ఒక్కొక్కటీ రాలిపోతాయి. కోరింగ లాంటి అభయారణ్యంలో ఏ జీవినీ పట్టకూడదు.

వేరే ప్రాంతాల చీమల్ని తెప్పించుకోవడం కూడా వద్దు. అవి తప్పించుకుంటే ఇక్కడి చీమల మీద పడతాయి. 2025లో కెన్యాలో దాదాపు 5,000 రాణి చీమల్ని దూది పెట్టిన టెస్ట్ ట్యూబుల్లో దాచి దేశం దాటించబోయిన ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళు దొరికిపోయారు. ఒక్కొక్కరికీ 10 లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అని కోర్టు చెప్పింది. మన పెరట్లో గండుచీమ ఉండగా అంత దూరం పోవాల్సిన అవసరమే లేదు.

మొదటి ఇల్లు: గాజు గొట్టం

రాణికి మొదట కావలసింది ఒక టెస్ట్ ట్యూబు, అంతే. చూపుడు వేలు పట్టేంత వెడల్పు, జానెడుకి కాస్త తక్కువ పొడవు ఉంటే సరిపోతుంది. స్కూళ్ళకి లాబ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. దూది మెడికల్ షాపులో అమ్మే సర్జికల్ కాటనే తీసుకోండి. ఇంట్లో దిండు విప్పి బూరుగు దూది పెడదాం అనుకోవద్దు, అది నీళ్ళు పీల్చదు. చెట్టు నుంచి కోసిన పచ్చిపత్తి కూడా అంతే.

ట్యూబులో మూడో వంతు నీళ్ళు పోయండి. దూదిని గట్టిగా ఉండ చుట్టి, పెన్సిలుతో నెమ్మదిగా లోపలికి తోయండి. నీళ్ళు తగిలి దూది తడవగానే ఆపేయాలి. ఇంకా తోస్తే నీళ్ళు ఇవతలికి వచ్చేస్తాయి. ట్యూబుని తిరగేసి చూడండి, చుక్క కారకూడదు. రాణిని లోపలికి పంపి, మూతి దగ్గర పొడి దూది వదులుగా పెట్టండి, గాలి ఆడాలి. నల్లకాగితం చుట్టి, ఎవరూ కదపని బీరువా అరలో పడుకోబెట్టండి.

నీళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ట్యూబుకీ, తర్వాత కట్టబోయే ఇటుకకీ తాగే క్యాను నీళ్ళో, పట్టి ఉంచుకున్న వాన నీళ్ళో వాడండి. బోరు నీళ్ళు పోస్తే నెల తిరగకుండా ఇటుక మీద తెల్లగా ఉప్పు పూస్తుంది.

ఇక నెల నుంచి నెలన్నర ఓపిక పట్టాలి. ఈ కాలంలో రాణికి తిండి పెట్టనక్కర్లేదు. ఎగరడానికి వాడిన కండలు కరిగి, ఆ బలంతోనే పిల్లల్ని సాకుతుంది. వారానికోసారి కాగితం తీసి ఒక్క నిమిషం చూసి మళ్ళీ కప్పేయండి. రోజూ తీసి చూస్తే కంగారు పడి తన గుడ్లు తనే తినేస్తుంది.

మొదట ఆవగింజ కన్నా చిన్న గుడ్లు నాలుగైదు కనిపిస్తాయి. తర్వాత తెల్లటి పురుగులు. ఆ పురుగులు తమ చుట్టూ దారం అల్లుకుని, బియ్యపు గింజల్లాంటి గూళ్ళుగా మారతాయి. 'చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతున్నాయి, వాన వస్తుంది' అని మన పెద్దవాళ్ళు అంటారే, ఆ గుడ్లు ఎక్కువగా ఈ గూళ్ళే. అదృష్టం ఉంటే మొదటి గూడు విచ్చుకోవడం మీ కంట పడుతుంది. రాణి దాని అంచుని పళ్ళతో కొంచెం కొంచెం చింపుతుంది. లోపలి నుంచి పల్చటి తేనెరంగు కాలు ఒకటి బయటికి వస్తుంది, తర్వాత మీసం. మొత్తం బయటికి వచ్చిన పిల్లచీమ నిలబడలేక తడబడుతుంది. రాణి దాన్ని తల నుంచి కాళ్ళ దాకా నాకి శుభ్రం చేస్తుంది. అది నల్లబడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

మొదటి కూలిచీమలు రాగానే తిండి మొదలుపెట్టండి. చెంచా పంచదారకి మూడు చెంచాల నీళ్ళు కలిపి, ఒక్క చుక్క చిన్న దూది ముక్కకి అద్ది పెట్టండి. పురుగులు ఎదగడానికి మాంసకృత్తులు కావాలి. దీనికి నా దగ్గరున్న మంచి ఉపాయం ఉసిళ్ళు. తొలకరిలో లేచినప్పుడు ఒక డబ్బాడు పట్టి ఫ్రీజరులో పెట్టుకోండి, ఏడాదంతా వస్తాయి. ఒకటి తీసి, చల్లదనం పోయాక సగానికి తుంచి వేయండి. ఉప్పు వెయ్యకుండా ఉడికించిన రొయ్య ముక్క, గుడ్డు పచ్చసొన కూడా తింటాయి. పొలంలో చచ్చిపడిన పురుగుల్ని మాత్రం పెట్టకండి, ఏ మందు కొట్టారో మనకి తెలియదు. తిన్నాక మిగిలింది మర్నాటికల్లా తీసేయాలి. మన వానాకాలంలో ఒక్క రాత్రికే బూజు పడుతుంది.

అసలు ఇల్లు

కూలిచీమలు పాతిక, ముప్పై అయ్యేదాకా ట్యూబులోనే ఉంచండి. ఇరుకుగా ఉన్నాయే అని మీకు జాలి కలుగుతుంది. వాటికి ఆ ఇరుకే ధైర్యం.

ఈలోపు ఇటుక సంపాదించండి. ఇప్పుడు ఊళ్ళలో కూడా తెల్లటి తేలికిటుకలతో గోడలు కడుతున్నారు, ఏఏసీ బ్లాకులంటారు. లోపలంతా స్పాంజిలా బుడగలుంటాయి కాబట్టి నీళ్ళు పీలుస్తుంది, గాలి ఆడుతుంది, స్క్రూడ్రైవరుతో గీస్తే పొడి రాలుతుంది. చీమల ఇంటికి ఇంతకన్నా మంచి సరుకు నాకు తెలియదు. కట్టుబడి జరిగే చోట విరిగిన ముక్కలు ఊరికే ఇస్తారు. మా వీధి చివర ఇల్లు కడుతుంటే వెళ్ళి అడిగాను.

"ఎందుకండీ ఈ ముక్కలు మీకు?" అన్నాడు మేస్త్రీ.

"చీమలకి ఇల్లు కడదామనండీ."

ఆయన నవ్వలేదు. నాలుగైదు ముక్కలు తీసి, ఒక్కోదాన్నీ తాపీ పిడితో తట్టి చూశాడు. "ఇది తీస్కోండి. పగులుందనుకోండి, తడి ఎటు పోద్దో తెలీదు" అని ఒకటి చేతిలో పెట్టాడు. మీరూ అలాగే తట్టి, పగులు లేనిది ఎంచుకోండి.

హ్యాక్సా బ్లేడుతో దాన్ని జానెడు పొడవు, అరచేతి వెడల్పు, రెండంగుళాల మందం ఉండేలా కోయండి. కోసేటప్పుడు, చెక్కేటప్పుడు ముక్కుకీ నోటికీ మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇటుకని తడిపి పని చేస్తే దుమ్ము లేవదు. తర్వాత చదునైన గచ్చు మీద ఎమరీ పేపరు పరిచి, ఇటుక పై ముఖాన్ని దాని మీద గుండ్రంగా రుద్దండి. ఈ పని విసుగనిపించినా తొందరపడకండి. గాజు పలక పెట్టి చూసినప్పుడు కింద పెళ్ళి శుభలేఖ అట్ట దూరిందంటే ఇంకా రుద్దాలి. అంత సందు కూడా ఉండకూడదు.

పెన్సిలుతో గదులు గీసుకోండి. నాలుగు చాలు. ఒక్కోటి పది రూపాయల నాణెం కన్నా కాస్త పెద్దగా, సెంటీమీటరు లోతు. గదికీ గదికీ మధ్య చిటికెన వేలంత దారి. ఇటుకకి ఒక కొసన, ఆఖరి గదికి రెండు వేళ్ళ దూరంలో, నీళ్ళ గుంట ఒకటి చెక్కండి. ఇది చీమలకి అందకూడదు. దానికీ గదికీ మధ్య గోడ ఎక్కడా చిల్లు పడకుండా చూసుకోండి. రెండో కొసన పక్క నుంచి ఒక బెజ్జం వేయండి, అది గుమ్మం.

ఒక కొస తడి, మరో కొస పొడి. ఈ ఇంటికి ప్రాణం ఇదే. ఈ ఆలోచన నాది కాదు, 19వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్స్‌లో చార్లెస్ జానే అనే ఆయన ప్లాస్టర్‌తో ఇలాంటి గూళ్ళు చేసి చీమల్ని గమనించాడు. గుడ్లకీ పురుగులకీ చెమ్మ కావాలి, దారపు గూళ్ళకి పొడి కావాలి. ఏది ఎక్కడ ఉండాలో మనకన్నా చీమలకే బాగా తెలుసు. రెండూ ఒకే ఇంట్లో ఉంచితే చాలు, పిల్లల్ని నోట కరుచుకుని పొద్దున ఒక గదికి, రాత్రి ఒక గదికి మార్చుకుంటూ అవే సర్దుకుంటాయి.

చెక్కడం అయ్యాక ఇటుకని రెండు రోజులు నీళ్ళలో నానబెట్టండి, పూటపూటా నీళ్ళు మార్చండి. సిమెంటు, సున్నం ఘాటు కొంత దిగుతుంది. నీడలో పూర్తిగా ఆరనివ్వండి. వానాకాలమైతే వారం పడుతుంది. ఆరాక ఒక పరీక్ష చేయండి. నీళ్ళ గుంటలో రెండు చెంచాలు పోసి గంట ఆగి చూడండి. తడి పాకినంత మేర ఇటుక రంగు ముదురుతుంది. గుంట వైపు నుంచి గదులు లెక్కపెట్టండి, ఆ మరక రెండో గది దగ్గర ఆగితే బాగా కుదిరినట్టు. నాలుగో గది దాకా పాకితే నీళ్ళు తగ్గించండి. మొదటి గదికే చేరకపోతే గోడ మందం ఎక్కువైంది, గుంటని కొంచెం లోపలికి చెక్కండి. చీమలు లోపలికి వెళ్ళాక ఇది సరిచేయలేరు కాబట్టి తీరిగ్గా ఇప్పుడే చేసుకోండి.

మూతకి ఫొటో ఫ్రేములు కట్టే షాపులో మిగిలిన గాజు ముక్క అడగండి, కొలత చెబితే కోసి అంచులు అరగదీసి ఇస్తారు. దాన్ని ఇటుకకి అతికించకండి, శుభ్రం చేయాల్సి వస్తే తీయాలి. పాత సైకిల్ ట్యూబుని గాజుల్లా కోసి, ఆ రబ్బరు వలయాలు రెండు బిగిస్తే గట్టిగా పట్టుకుంటుంది. గాజు మీద ఎర్ర జెలటిన్ కాగితం రెండు పొరలు పరవండి. చీమలకి ఎరుపు సరిగా ఆనదు, వాటి మటుకు చీకటే. మనం మాత్రం చూడొచ్చు.

పెరడు, ప్రహరీ

చీమలు పడుకునే చోట తినవు. తిండికీ, చెత్త పారేయడానికీ వాటికి పెరడు కావాలి. మూత ఉన్న బిర్యానీ పార్సిల్ డబ్బా సరిపోతుంది. మూతకి రెండు వేళ్ళంత కంత పెట్టి, టీ వడకట్టే స్టీలు జల్లెడ ముక్కని సిలికాన్‌తో అతికించండి. సిలికాన్ పులుపు వాసన పూర్తిగా పోయేదాకా, అంటే రెండు రోజులు, చీమల్ని దగ్గరికి తేకండి. దోమతెర గుడ్డ వద్దు. గండుచీమని అది ఆపుతుంది గానీ బయటి చలిచీమల్ని ఆపదు.

డబ్బాకీ ఇటుక గుమ్మానికీ మధ్య గొట్టం కావాలి కదా. సెలైన్ గొట్టం, చేపల తొట్టె గొట్టం రెండూ ఇరుకు, తల పెద్ద గండుచీమ ఇరుక్కుంటుంది. గోడ మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు అడగండి. హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన అమ్ముతారు, అర మీటరు చాలు.

తప్పించుకోకుండా డబ్బా లోపలి అంచుకి టాల్కం పౌడరు, స్పిరిటు కలిపిన ముద్ద పూయమని చాలామంది చెబుతారు. వేసవిలో అది బాగానే పనిచేస్తుంది. వానాకాలంలో మన గాలికి చెమ్మగిల్లి పెచ్చులు ఊడిపోతుంది. అప్పుడు వాసెలిన్‌లో కొంచెం లిక్విడ్ పారాఫిన్ కలిపి, రెండు వేళ్ళ వెడల్పున పల్చగా పూయండి. మందంగా పూస్తే చీమలు అందులోనే అతుక్కుపోతాయి.

లోపలివి బయటికి రావడం కన్నా బయటివి లోపలికి రావడం పెద్ద ప్రమాదం. చలిచీమలు ఒక్క రాత్రిలో కుటుంబాన్నంతా తుడిచిపెట్టగలవు. దీనికి మందు మన ఇళ్ళలోనే ఉంది. బెల్లం డబ్బానీ, అరిసెల గిన్నెనీ నీళ్ళ పళ్ళెంలో పెడతాం కదా, అదే. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో స్టీలు గ్లాసులు బోర్లించి, వాటి మీద చెక్క పలక పెట్టి, దాని మీద ఇటుక, డబ్బా పెట్టండి. పలక గోడకి తగలకూడదు. నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే చలిచీమలు పైపైన తేలుతూ దాటలేవు. వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఇల్లు మారడం

చీమల్ని ట్యూబులోంచి దులిపి ఇటుకలో పోయకండి. ట్యూబుని తీసుకెళ్ళి డబ్బాలో పెట్టి, మూతి దూది తీసేయండి. నల్లకాగితం కూడా తీసి వెలుతురు పడనివ్వండి. ఇటుక మాత్రం చీకటిగా, ఒక కొసన చెమ్మగా ఉంచండి. ముందు ఒకటో రెండో చీమలు గొట్టంలోంచి వెళ్ళి చూసి వస్తాయి. తర్వాత పిల్లల్ని మోయడం మొదలవుతుంది. చివరికి రాణి నడిచి వెళ్తుంది. మా ఇంట్లో ఒక కుటుంబం గంటలో మారింది, ఇంకోటి పదకొండు రోజులు తీసుకుంది. తొందరపెట్టకండి.

ఆ గదిలో దోమల చక్రం, దోమల లిక్విడ్, బొద్దింకల స్ప్రే వాడకూడదు. చీమల మందు సుద్ద గీత దగ్గరలో ఎక్కడా ఉండకూడదు. ఇంట్లో అందరికీ ఈ మాట ముందే చెప్పండి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఎవరో ఒకరు మంచికే అనుకుని గీస్తారు. రోహిణి కార్తెలో ఇటుకని రేకుల గదిలో గానీ కిటికీ ఎండలో గానీ ఉంచొద్దు. మంచినీళ్ళ కుండ పెట్టే మూల దానికి సరైన చోటు. వేసవిలో గుంటలో నీళ్ళు మూడు రోజులకోసారి చూసుకోండి. ముసురు రోజుల్లో వారం దాకా అసలు పోయకండి.

నాలుగు గదులూ నిండి, చీమలు గొట్టంలో కాపురం పెట్టినప్పుడు ఇంకో ఇటుక చెక్కి, మరో లెవెల్ పైపుతో కలపండి. అంతకు ముందు వద్దు.

యూరప్‌లో నల్ల తోటచీమల రాణి ఒకటి మనుషుల సంరక్షణలో 28 ఏళ్ళకి పైగా బతికింది. గండుచీమ రాణి కూడా ఏళ్ళ తరబడి బతికే జీవే, తెచ్చుకునే ముందే ఇది ఆలోచించుకోండి. ఊరు మారాల్సి వచ్చినా, చూసుకోలేకపోయినా, రాణి దొరికిన చోటికే తీసుకెళ్ళండి. వాన లేని సాయంత్రం చూసి, గట్టు మీద, నీళ్ళు నిలవని చెట్టు మొదట్లో ఇటుకని పెట్టి గాజు సగం జరిపి రండి. నాలుగు రోజులాగి వెళితే ఇల్లు ఖాళీగా ఉంటుంది. వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టండి, వచ్చే తొలకరికి పనికొస్తుంది.